మాటలు లేకుండా ఏడవండి

ఊపిరి తీసుకోవద్దంటే ఎంతసేపని బిగబట్టాలి, "మీ పొట్ట లేస్తున్నదమ్మా, కెమెరాల కనవడుతున్నది, జర చిన్నగ తీసుకోండ్రి" అని ఈ డైరెక్టరు పొద్దటి నుంచి నా ప్రాణం తోడేస్తున్నాడు, పొట్ట అన్నాక లేవదా, వాళ్లు పెట్టిన ఉప్మానే కదా అందులో ఉన్నది, అదీ ఉప్పు లేని ఉప్మా. ముక్కులో దూది, నుదుట రూపాయి బిళ్ల, కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి తెల్లదారంతో కట్టేశారు, కట్టినవాడెవడో గాని మేకను గుంజకు కట్టినట్టు కట్టాడు, ఎడమ కాలు తిమ్మిరెక్కి నాది కానట్టే ఉంది. తల దగ్గర దీపం పెట్టారు, దాని పొగ ముక్కులోకి పోయే దారి లేక నోటి చుట్టూ తిరుగుతోంది, దగ్గు వస్తోంది, దగ్గకూడదు, కళ్లు తెరవకూడదు, చీమ కుట్టినా గోక్కోకూడదు. ఇన్నేండ్లు ఇరిగేషన్ ఆఫీసులో అటెండరుగా నిలబడి ఉద్యోగం చేశాను, ఎందరో ఇంజనీర్లకు టీలు మోశాను, ఫైళ్లు మోశాను, ఎన్నడూ ఇంత అలసట లేదు, పడుకుని చేసే పని ఇట్లా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పారా. సాల్మన్‌ను అడిగితే "పండుకునుడే గద గ్రేస్, ఇంట్ల రోజూ పండుకుంటలేవా" అన్నాడు, ఆయనకేం, మొగుడన్నవాడు అట్లనే అంటాడు, ఇప్పుడు ప్రహరీ గోడ మీద కూర్చుని రెండోసారి ఉప్మా తింటున్నాడు, చెంచా చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది, సౌండు పట్టే అబ్బాయి ఆయన్ను ఏమీ అనడు, నా పొట్ట మాత్రం అందరికీ అడ్డం.

ఈ క్వార్టరు కూడా చచ్చిన క్వార్టరే. నందికొండలో డ్యాం కట్టినప్పటి ఇండ్లు, మనుషులు ఒక్కొక్కరే ఖాళీ చేసిపోతే తలుపులు ఊడి, సున్నం రాలి, ముందర తంగేడు మొలిచి, సరిగ్గా హత్య జరగడానికే కట్టినట్టు తయారైంది, అందుకే వీళ్లకు నచ్చింది. డైరెక్టరు పేరు విజేందర్, మక్తల్ దగ్గరి పిల్లగాడట, హైదరాబాదులో సినిమా చదువు చదివాడు, ఇదే మొదటి సినిమా. మొదలు ఎట్లా ఉంటుందో పొద్దున నన్ను కూర్చోబెట్టి చెప్పాడు, చెప్తుంటే కళ్లు మెరిశాయి, ఆ మాట ఒప్పుకోవాలి. తెర మీద ఏమీ ఉండదట, నల్లగా ఉంటుందట, నల్లా నుంచి బకెట్లోకి చుక్క పడే చప్పుడు ఒక్కటే వస్తుందట, టప్పున ఒకటి, మళ్లీ ఎప్పుడో ఒకటి, ఇప్పుడు పడుతుందనుకుంటే పడదు, పడదనుకుంటే పడుతుంది. తర్వాత వెలుతురు కొంచెం వస్తే దారం కట్టిన నా బొటనవేళ్లు. తర్వాత చెయ్యి, చెయ్యి మీద ఈగ. తర్వాత చుట్టూ నిలబడ్డ మనుషులు, ఒక్కొక్క ముఖం, ఎవరూ ఏడవరు, ఎవరూ మాట్లాడరు, ఒకరి కళ్లు ఇంకొకరి మీదికి పోతుంటాయి. కెమెరా నా ముఖం దాకా వస్తుంది, వచ్చేసింది అనుకునేలోగా ఎవరిదో చెయ్యి గుడ్డ కప్పేస్తుంది, అప్పుడు సినిమా పేరు పడుతుంది. "ప్రశ్న పుట్టాలె, జవాబు దొరకొద్దు, గదే టెన్షన్ అమ్మా" అన్నాడు. అంతా విని, అయితే నా ముఖం కనపడదా అని అడిగాను. కనపడదట, కనపడితే సగం మిస్టరీ పోతుందట. మరి పొద్దున్నే లేపి ముఖానికి ఇంత తెల్ల పౌడరు ఎందుకు కొట్టినట్టు, చెవుల్లోకి కూడా పోయింది, నా జాగాలో ఒక దిండును పెట్టినా సరిపోయేది కదా. ఈగ కోసమని చేతి మీద బెల్లం పాకం రాశారు, ఈగ రాలేదు, చీమలొచ్చాయి. తర్వాత ఈగ వచ్చింది గాని చేతి మీద కాదు, ముక్కు మీద వాలింది, దానికి కథ తెలియదు పాపం.

ఇట్లాంటి సినిమాలు నాకు కొత్త కాదు. సాల్మన్‌కు పిచ్చి, అన్నం ముందర కూడా ఫోను నిలబెట్టుకుని చూస్తాడు, ఖాళీ ఇంట్లో ఫోను మోగడం, ఎవరూ లేని ఊయల ఊగడం, తలుపు కింద నుంచి నీళ్లు రావడం, అన్నీ నేనూ చూశాను, చూసి మొదటి పది నిమిషాల్లోనే హంతకుణ్ణి పట్టేస్తాను, పోలీసులకు ఎవరు మంచినీళ్లు తెచ్చిస్తారో వాడే. చెప్తే ఆయన అలుగుతాడు, "జర చూడనిస్తవా" అంటాడు. కానీ ఈ పిల్లగాడు చెప్పిన మొదలు వింటుంటే నల్లా చప్పుడుకు కాదు, ఆ ముఖాలకు నాకు ఒళ్లు జలదరించింది. శవం చుట్టూ అంతమంది ఆడవాళ్లు నిలబడి ఒక్కరూ ఏడవకపోవడం. మన దగ్గర అది జరగదు, జరిగిందంటే ఏదో ఉన్నట్టే. వీళ్లెందుకు ఏడవడం లేదు అని చూసేవాడు మనసులో అనుకోవాలట, అదే ప్రశ్న సినిమా చివరిదాకా వాణ్ని లాక్కుపోవాలట. ఆ ప్రశ్న నాకు తెలుసు. మూడేండ్ల నుంచి నా చెల్లెలు నన్ను అదే అడుగుతోంది, నోటితో కాదు, మాట్లాడక.

ఆ చెల్లెలు ఇక్కడే ఉంది, నా కాళ్ల వైపు, ఏడుస్తామని వచ్చిన ఆడవాళ్లలో. జంగమ్మ. కళ్లు మూసుకున్నా నాకు తెలుస్తోంది, ఆ దగ్గు దానిదే, చిన్నప్పటి నుంచి గొంతు సవరించుకోకుండా ఒక్క మాట మొదలుపెట్టదు, మొదలుపెట్టాక ఆపదు. లేకపోతే నేనెందుకు వస్తాను ఈ చావుకు. శవంగా పడుకోవడానికి హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి కాలివేళ్ల దారం చూసి మా ఇంట్లో ఒప్పుకోరని కారెక్కి వెళ్లిపోయింది, కాలనీలో ఎవర్ని అడిగినా బతికుండగా గట్ల పండుకునుడు అరిష్టం అన్నారు, చివరికి పక్క వీధి కోమల నా దగ్గరికి వచ్చింది, "మీకు గసొంటి పట్టింపులు లేవు గదక్కా, మీరు క్రిస్టియన్లు" అని. పట్టింపు లేకపోవడమేమిటి, చావంటే మాకు మాత్రం ముద్దా, పో అన్నాను. పోతూ పోతూ "మీ జంగమ్మ కూడ వస్తున్నది, ఏడ్చేటోళ్లల్ల పేరిచ్చింది" అంది. నేను వెంటనే సరే అన్నాను. రోజంతా ఒక్క ఇంట్లో ఉంటే ఒక్క మాటైనా బయటికి రాకపోతుందా అనుకున్నాను. నేను రిటైరయ్యాను, క్వార్టరు అప్పజెప్పాలి, సాల్మన్ వాళ్ల ఊళ్లో, ఆ మక్తల్ వైపే, రెండు గదులు వేసుకున్నాం, ఈ వారం సామాను లారీ ఎక్కుతుంది. ఇక్కడుండగా అది మాట్లాడకపోతే ఇక ఈ జన్మకు మాట్లాడదు, నాకు తెలుసు దాని సంగతి. పొద్దున టీ పోసేటప్పుడు అందరికీ తనే గ్లాసులు అందించింది, నా గ్లాసు మాత్రం కోమల చేతికిచ్చి పంపింది, పైగా చల్లారిన టీ. నేను కావాలని గట్టిగా "చక్కెర తక్కువైంది" అన్నాను, ఎవరికి చెప్పానో దానికి తెలుసు, తెలిసీ గోడకు తిరిగి కూర్చుంది. దాని వీపు చూడటానికా నేను ఈ దూది పెట్టించుకున్నది.

అమ్మ పోయిననాడు అది చేపల బజారు నుంచి ఉరికొచ్చింది. అమ్మ మా ఇంట్లోనే పోయింది, తెల్లారి లేవలేదు. జంగమ్మ వచ్చి అమ్మ మీద పడి శోకం ఎత్తుకుని, లేచి నా మెడ మీద చెయ్యి వేసింది. మెడ మీద చెయ్యి వేస్తే ఏం చేయాలో పాలమూరు ఆడదానికి వేరే చెప్పక్కర్లేదు, నేనూ దాని మెడ పట్టుకోవాలి, అది ఆపిన దగ్గర నేను అందుకోవాలి, ఇద్దరం కలిసి అమ్మను తలుచుకుంటూ ఏడవాలి. నేను ఏడవలేదు. దాని చెయ్యి తీసి పక్కకు పోయాను. ఇంతలో చర్చివాళ్లు వచ్చి పాట మొదలుపెట్టారు. అందరి ముందర అది నన్ను ఒక్క మాట అంది, "నీకు దేవుడు మారిననాడే అమ్మ సచ్చిపోయింది తియ్యి" అని. అంతే. ఆనాటి నుంచి మాట లేదు. సాల్మన్‌ను చేసుకున్నాక బాప్తిస్మం తీసుకుని నర్సింగమ్మను గ్రేసునయ్యాను, నిజమే, అయితే ఏమైంది, అమ్మ నా చేతి అన్నమే తిన్నది కదా, నాతోపాటు చర్చికి వచ్చి బల్ల మీద కూర్చుని కునుకు తీసింది కదా, దేవుడికి లేని బాధ ఈ చేపలమ్మేదానికెందుకు.

"రెడీనా, అందరు రెడీనా, అమ్మా పొట్ట" అంటున్నాడు. సరే. బిగబట్టాను. నల్లా చుక్క టప్పుమంది. ఈ మొదటిసారి అందర్నీ బొమ్మల్లా నిలబడమన్నాడు, ఎవరూ ఏడవొద్దన్నాడు. వేళ్లకు దారం కట్టిన మనిషిని ముందర పడుకోబెట్టి ఏడవొద్దంటే వాళ్లవల్ల అవుతుందా, భాగ్యశ్రీ అనే పిల్ల ముందు ముక్కు చీదింది, దాన్ని చూసి ఇంకొకామె, కట్ కట్ అని అరిచాడు. రెండోసారీ అదే. మూడోసారి విసిగిపోయి, "సరే ఏడువుండ్రి, గని మాటలు లేకుండ ఏడువుండ్రి" అన్నాడు. మాటలు లేకుండానట. ఆడవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఉంటారు, నాకు నవ్వొచ్చి పొట్ట అదిరింది, దానికీ నన్నే తిట్టాడు. మాటలు లేకపోతే అది ఏడుపెట్లా అవుతుంది, పసిపిల్లలు ఏడుస్తారు అట్లా. కోమల కొంతసేపు ఊఁ ఊఁ అని లాగి, లాగలేక, అలవాటు కొద్దీ ఎత్తుకుంది, "ఓ నా తల్లీ, బంగారమసొంటి దానివి గదనే, గా మొగని చేతుల పడి ఆగమైతివి గదనే, వాడే నిన్ను మట్టి జేసిండు గదనే" అని. కట్ కట్ కట్. డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు, "ఆమెకు కథ ఎవరు చెప్పిండ్రు" అని అందరి మీదా ఎగిరాడు, ఎవరూ చెప్పలేదు. కథలో చంపింది నిజంగానే మొగుడట, అది చివరి పది నిమిషాల్లో తెలియాలట, కోమల మొదటి నిమిషంలోనే చెప్పేసింది. కోమలకేం తెలుసు, ఏ ఆడది పోయినా శోకంలో ముందు మొగుణ్ణే తిడతారు, అది మర్యాద. గోడ మీద నుంచి సాల్మన్ "నేను అనుకున్న, మొగడే అనుకున్న" అన్నాడు, అబద్ధం, ఆయన ఏనాడూ సరిగ్గా అనుకోలేదు.

ఈ పిల్లగాడి తిప్పలకు కారణం మా అమ్మే అనిపిస్తోంది. కోస్గి దగ్గరి నుంచి అమ్మా బాపూ కాలువ పనికి వచ్చారు, పాలమూరు కూలీలంటే ఎక్కడ మట్టి తవ్వాలన్నా వాళ్లే, ఇక్కడ పని అయ్యాక అందరూ ఇంకో డ్యాంకు పోతే వీళ్లు ఉండిపోయారు. ఆ గుడిసెల్లో ఎక్కడెక్కడి వాళ్లో ఉండేవారు, ఎవరైనా పోతే వాళ్ల వాళ్లకు కబురు అందే దారి ఉండేది కాదు. అమ్మను పిలిచేవారు. అమ్మ పోయి, శవం పక్కన వెంటనే కూర్చునేది కాదు, ముందు నిలబడి అడిగేది, పేరేంది, ఏ ఊరు, తల్లి ఉన్నదా, పిల్లలెందరు, ఏమంటే ఇష్టంగా తింటుండె అని. అన్నీ తెలుసుకుని అప్పుడు కూర్చుని శోకం పెట్టేది, ఆ ముక్కూ మొహం తెలియని మనిషి అమ్మ నోట్లో ఒక ఇంటి మనిషి అయ్యేవాడు, వినేవాళ్లకు వాడి ఊరి తొవ్వ కూడా కనపడేది. "ఎవరో తెల్వకుండ మట్టెయ్యొద్దు బిడ్డా" అనేది మాతో. అట్లాంటి మనిషి పెంచిన ఊళ్లోకి వచ్చి ఈ పిల్లగాడు ఎవరో తెలియని శవం కావాలంటాడు. నాకూ జంగమ్మకూ అమ్మే నేర్పింది, అది మెడ తిప్పుతూ పాడేది, నేను సన్నగా అందుకునేదాన్ని, అందరూ, ఈ పిల్లలు మంచిగ ఏడుస్తారని మెచ్చుకునేవారు. అట్లాంటి అమ్మ పోతే నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు. పాస్టరు వద్దన్నాడని కాదు, ఆయన వచ్చిందే తర్వాత. రాలేదు, అంతే, అది నా నేరమా, వస్తే ఏడవనా, నాకు మాత్రం ఇష్టమా మొద్దులా నిలబడటం. ఇది ఎవరికి చెప్పుకోవాలి. చీమ మోచేతి దాకా వచ్చింది.

మళ్లీ తీస్తున్నారు. ఈసారి డైరెక్టరు గొంతు తగ్గించి "ఏదన్న చెయ్యుండ్రమ్మా, మీ ఇష్టం, మొగని పేరు మాత్రం తియ్యకుండ్రి" అన్నాడు, ఓడిపోయినవాడి గొంతు. చుక్క పడింది. ఎవరూ కదల్లేదు. ఇంకో చుక్క. మళ్లీ కోమలే మొదలుపెడుతుందనుకున్నాను. పెట్టలేదు. నా కాళ్ల దగ్గర గొంతు సవరించుకున్న చప్పుడైంది, గాజులు గలగలమన్నాయి, ఎవరో ముందుకు జరిగి నా పక్కన చతికిలపడ్డారు, నాకు ఉన్న ఆ కాస్త ఊపిరీ ఆగింది, ఇప్పుడు పొట్ట కదలదు చూసుకో అనుకున్నాను.

"ఓ నా నర్సక్కా... ఒక్క కడుపుల పుడితిమి గదనే అక్కా..."

ఎన్నేండ్లయింది ఆ పేరు విని. అమ్మ తర్వాత అట్లా పిలిచే నోరు ఈ భూమ్మీద అదొక్కటే. సినిమా కోసం పిలుస్తోందా, నన్నే పిలుస్తోందా, కళ్లు తెరిస్తే తెలుస్తుంది, తెరవకూడదు, తెరిస్తే అది ఆపేస్తుంది. "అమ్మ పోయిననాడు నీ మెడ మీద చెయ్యేస్తి గదనే అక్కా... తీసి అవతల పారేస్తివి గదనే..." నన్నే. చూడు దీని తెలివి, ఇన్నేండ్లు నోరు తెరవనిది ఇప్పుడు తెరిచింది, నేను మారుమాట అనలేని చోట చూసి, పదిమంది ముందర, కెమెరా ముందర, నా ముక్కులో దూది ఉండగా. తీశానే, చెయ్యి తీశాను, ఎందుకు తీశానో అడిగావా. ఐస్ బాక్సు తెచ్చినాయన ప్లగ్గు ఎక్కడుందమ్మా అని గుమ్మంలో నిలబడి మొత్తుకుంటున్నాడు, ఆ ఇంట్లో ప్లగ్గు ఎక్కడుందో నాకు తప్ప ఎవరికి తెలుసు, సాల్మన్‌ను అడిగితే స్విచ్చు చూపిస్తాడు, ఎండాకాలం, అమ్మ ముఖం అప్పటికే మారుతోంది, నేను ఏడుస్తూ కూర్చుంటే అమ్మను ఎవరు చూడాలి. బీరువా వెనకాల ఉంది ప్లగ్గు, బీరువా జరిపి, వైరు పెట్టి, లైటు వెలిగిందో లేదో చూసి, తిరిగి వచ్చేసరికి నువ్వు ఆ మాట అననే అన్నావు. అన్నాక ఇంక నేనేం చెప్పాలి, ప్లగ్గు సంగతి చెప్పాలా అంతమందిలో.

"నాకెవరున్నరే అక్కా నువ్వు గాక... మూటముల్లె సదురుకున్నవంట గదనే... మక్తల్ పోతున్నవంట గదనే... ఊరందరికి చెప్పి నాకు చెప్పకపోతివి గదనే..." ఎవరో పక్కనే ముక్కు చీదారు, భాగ్యశ్రీ అయి ఉంటుంది. ఎట్లా చెప్పాలే, నీ వీపుకు చెప్పాలా. కట్ అంటాడేమో అనుకున్నాను, మక్తల్ పేరు విని ఆ పిల్లగాడు ఉలిక్కిపడి ఉండాలి, అనడం లేదు, అందరూ ఊపిరి బిగబట్టినట్టున్నారు, గోడ మీద చెంచా కూడా ఆగింది. దాని చెయ్యి నా భుజం మీదికి వచ్చింది, వేడిగా ఉంది. నాకు కోపమొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒకేసారి వస్తే మూసిన కళ్లలో ఎక్కడ దాచుకోవాలి.

"నల్లగొండ దవాఖానల పండుకుంటివి గదనే అక్కా... నీ కడుపు కోసిండ్రంటె నేను ఉరికొస్తి గదనే... తలుపు కాడ నిలవడితి గదనే... నువ్వు కండ్లు మూసుకుంటివి గదనే... లేపుదునా వద్దా అనుకుంట నిలవడి నిలవడి... మళ్ల బస్సెక్కితి గదనే అక్కా..."

వచ్చిందా. గర్భసంచి తీసినప్పుడు, పోయినేడు, నేను అక్కడ పడుకుని తలుపు వైపే చూశాను, ఎవరు వచ్చినా అదేమో అనుకున్నాను, సొంత చెల్లెలు చస్తున్నావా బతికున్నావా అని అడగడానికి రాలేదని సాల్మన్ భుజం మీద పడి ఏడ్చాను, అప్పుడు వచ్చింది ఏడుపు, అమ్మ కోసం రానిది దీని కోసం వచ్చింది. అది వచ్చిందట. తలుపు దాకా వచ్చి తిరిగి పోయిందట. ఇంక నావల్ల కాలేదు, ఎంతసేపని ఓర్చుకోవాలి, మనిషి అన్నాక దేనికైనా ఒక అంతు ఉంటుంది.

"లేపితె ఏం పోతుండెనే?" అని లేచి కూర్చున్నాను. "తలుపు దాంక వచ్చినదానివి, లోపలికి రానీకి కాళ్లు పడిపోయినయా నీకు?"

రూపాయి బిళ్ల ఎక్కడికో ఎగిరిపోయింది. ఆడవాళ్లు ఒక్కసారిగా కేక వేశారు, కోమల వెనక్కి పడి దీపాన్ని తన్నేసింది, భాగ్యశ్రీ "అమ్మో" అంటూ తంగేడు పొదల్లోంచి గేటు దాకా ఉరికింది, సౌండు అబ్బాయి చెవుల మీది డబ్బాలు పీకి పారేశాడు. జంగమ్మ కదల్లేదు. కళ్లు వాచి, ముక్కు ఎర్రబడి, నోరు తెరిచి నన్నే చూసింది. గొంతు సవరించుకుంది.

"నువ్వు కండ్లు తెరవకపోతివి మరి" అంది.

"మత్తిచ్చిండ్రే నాకు! మత్తుల ఉన్నదాన్ని ఎట్ల తెరుస్త?"

"నాకేం ఎర్క. నన్ను జూసి మూసుకున్నవనుకున్న."

"నిన్ను జూసి నేనెందుకు మూసుకుంట? పిచ్చిదానా, నీ కోసమే తలుపు దిక్కు చూసుకుంట పండుకున్న." దూది అడ్డం వచ్చి నా గొంతు ఎవరిదో లాగా వినిపించింది, పీకి పడేశాను. లేచి నిలబడి తిట్టాలని చూశాను, వేళ్లకు కట్టిన దారం లేవనివ్వలేదు.

"చెయ్యెందుకు తీసినవ్ మరి, అమ్మ పోయిననాడు?"

"ఐస్ డబ్బాయన ప్లగ్గేడుందని మొత్తుకుంటుండె. గా ఎండల అమ్మనెట్ల ఉంచమంటవ్?"

"ప్లగ్గు కోసమా?" అంది.

"ప్లగ్గు కోసమే."

"గా ముక్క చెప్పనీకి మూడేండ్లు పట్టిందా నీకు?"

"అడిగినవా నువ్వు? ఎన్నడన్న నోరు తెరిచి అడిగినవా?"

"నేనెందుకు అడుగుత, చెయ్యి తీసింది నువ్వు" అంది, అని నా చేతి మీద చీమలు చూసి, తిడుతూనే తన కొంగుతో దులపడం మొదలుపెట్టింది, బెల్లం ఎవడు రాసిండు, మనిషనుకున్నరా ఇంకేమన్ననా అని డైరెక్టరు వైపు చూసి గొణిగింది. ఎంత గట్టిగా దులిపిందంటే చర్మం మండింది. వేళ్ల దారం విప్పబోతే ముడి రాలేదు, వంగి పళ్లతో కొరికింది. దాని నెత్తిలో తెల్ల వెంట్రుకలు ఇన్ని ఎప్పుడొచ్చాయో, నేను చూడనే లేదు. నాకు ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు, ఎవరు ఏమనుకుంటే నాకేం.

విజేందర్ తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి మా దగ్గరికి వచ్చాడు, నేను క్షమాపణ చెప్పాలనుకున్నాను గాని తప్పంతా వాడిదే అనిపించింది. వాడు కోపంగా లేడు. "అమ్మా, కట్ చెప్పనీకి కూడ నాకు నోరు రాలే" అన్నాడు. "ఆమె అడుగుతనే ఉన్నది, పండుకున్నామె జవాబిస్తలేదు. గంతకంటె టెన్షన్ ఏముంటది. నిశ్శబ్దం వద్దు, నల్లా వద్దు, గిదే పెడుత మొదట్ల. ఒక్కసారి, జంగమ్మగారు, ఇందాక ఏడ్చినట్టె ఏడువుండ్రి. గ్రేసమ్మగారు, మీరు లేవకుండ్రి, దండం పెడుత." నిజంగానే దండం పెట్టాడు. పాపమనిపించింది. మళ్లీ దీపం ముట్టించారు, మళ్లీ దూది, వేళ్లకు కొత్త దారం ఈసారి జంగమ్మే కట్టింది, వదులుగా కట్టింది, "కదిలితె చూడు" అని నా కాలి మీద ఒక్కటి వేసింది. కళ్లు మూసుకున్నాను. అందరూ సర్దుకున్నారు. కోమల ఎక్కడో దూరంగా నిలబడి ఉంటుంది, ఈ పక్కకు వచ్చే ధైర్యం ఉండదు. ఎండ వాలుతున్నట్టుంది, రెప్పల మీద వేడి తగ్గింది. మొదలుపెట్టమన్నాడు.

జంగమ్మ గొంతు సవరించుకుంది. "ఓ నా నర్సక్కా..." అని ఎత్తుకుని ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ ఆగింది. మూడోసారి గొంతులోంచి రాగం కాదు, నవ్వు తన్నుకొచ్చింది, ముక్కులోంచి, చిన్నప్పటిలాగే, ఆపుకోబోయి పొలమారింది.

"ఏమైందమ్మా, ఇందాక ఎంత మంచిగొచ్చింది" అన్నాడు విజేందర్, ఏడుపు గొంతుతో.

"ఇప్పుడెట్ల ఏడుస్త సారూ" అంది జంగమ్మ. "మా అక్క బతికే ఉన్నది గద."